రెండో గుండు

అప్పనపల్లిలో ఓ పాత మండువా లోగిలి. చావిడి గోడకి టేకు పలక, ఆ పలక మీద నేను. చుక్కల జింక కొమ్ముల్ని. కొమ్ములంటే ఏటా రాలి మళ్లీ మొలిచేవే. కానీ రాలిన కొమ్ముకి అడుగు భాగం గుండ్రంగా బొడిపెలా ఉంటుంది. నా అడుగున పుర్రె ముక్క ఉంది. ఆ తేడా తెలిసినవాళ్లు చూడగానే, నేను అడవిలో ఏరుకొచ్చిన సరుకు కాదని పోల్చుకుంటారు.

పక్కకి మూడేసి చొప్పున ఆరు కొనలుండేవి. ఇప్పుడు అయిదే. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండినప్పుడు, రాత్రిళ్లు నా నీడ ఈ గోడ మీద ఎర్రటి వెలుగులో ఊగేది. అప్పుడేమీ కాలేదు. మరుసటి ఏడాది నవంబరు 6 రాత్రి తుఫానుకి పెరట్లో కొబ్బరిచెట్టు పెంకుల మీద పడింది. పలకతో సహా కింద పడ్డాను. ఎడమవైపు పై కొన విరిగింది. ఈ ఇంటి తాతగారు ఆ ముక్కని వెతికించి బీరువాలో దాచారు. అతికించలేదు.

కుడి కొమ్ముకి ఆయన కండువా వేలాడుతుంది. పెరట్లో ఒలుపు వాళ్లు నేలలో పాతిన గునపం మీద కొబ్బరికాయని వేసి కొడుతుంటే, ఆ చప్పుడు పొద్దుటి నుంచీ నా ఎముకలో మోగుతూనే ఉంటుంది. వైనతేయ వైపు నుంచి గాలి వస్తే బాలబాలాజీ గుడి గంట కూడా వినిపిస్తుంది. నేను పుట్టిన చోట ఈ చప్పుళ్లేవీ లేవు. రంపచోడవరం దాటి మారేడుమిల్లి వైపు వెళితే వెదురు పొదలు, వాగులు. అక్కడ కొండముచ్చు చెట్టు మీద నుంచి ఒక్క కేక వేస్తే మేమంతా తోకలెత్తి నిలబడేవాళ్లం.

1960ల్లో ఒక చలికాలం. అప్పటికింకా పర్మిట్ పుచ్చుకుని వేటకి వెళ్లే రోజులు. తాతగారు, ఆయన స్నేహితుడు జీపులో గోకవరం మీదుగా వచ్చారు. తాతగారి దగ్గర .315 రైఫిల్, స్నేహితుడి దగ్గర 12 బోరు తుపాకీ. అందులో ఎల్జీ తూటా. ఎల్జీ అంటే ఒక్క గుండు కాదు, కొన్ని పెద్ద సీసపు గుళ్లు. గొట్టంలోంచి బయటపడగానే అవి విడిపోవడం మొదలుపెడతాయి. ముప్ఫై గజాల లోపల ఒక్కచోటే గుంపుగా దిగుతాయి. డెబ్భై గజాలకి ఒకదానికొకటి సంబంధం లేకుండా పోతాయి, జోరు కూడా తగ్గిపోతుంది.

స్నేహితుడు డెబ్భై గజాల నుంచే పేల్చాడు.

నాకు తగిలినవి రెండు గుళ్లు. రెండూ పొట్టలోనే. మిగతావి గడ్డిలోకి పోయాయి. పొట్టలో తగిలిన జింక అక్కడికక్కడ పడదు, పరిగెడుతుంది. కడుపులో మంట పుడుతుంది, దాహం వేస్తుంది, నీటి వైపు పోతుంది. నేనూ వాగు వైపే పోయాను. బయట రక్తం చుక్క చుక్కగానే పడింది, టార్చి వెలుగులో వాళ్లకి దొరకలేదు. స్నేహితుడు జీపులో పడుకున్నాడు. తాతగారు తెల్లార్లూ వాగు గట్టునే కూర్చున్నారు. తెల్లారాక గడ్డిలో ఒక్కో చుక్కా వెతుక్కుంటూ వచ్చారు. నేను నీళ్లలో ముందుకాళ్లు పెట్టి పడుకుని ఉన్నాను. లేవలేను. నలభై గజాల నుంచి భుజం వెనక కొట్టారు. ఆ రెండో చప్పుడు నేను వినలేదు. రైఫిల్ గుండు శబ్దం కంటే ముందే వస్తుంది.

ఆ గుండు సంగతి చెప్పాలి. అది 244 గ్రెయిన్ల బరువు, సుమారు 16 గ్రాములు. ఒంటినిండా లోహపు తొడుగు, ముక్కు దగ్గర మాత్రం సీసం బయటికి కనిపిస్తుంది. సాఫ్ట్‌నోస్ అంటారు. ఒంట్లోకి దిగగానే ఆ మెత్తటి ముక్కు పుట్టగొడుగులా విచ్చుకుని ఊపిరితిత్తుల్ని ఒక్కసారిగా ఖాళీ చేస్తుంది. ముక్కు దాకా తొడుగున్న సైనికుల గుండైతే విచ్చుకోకుండా సూదిలా ఇటు దూరి అటు పోవచ్చు. ఆ గాయంతో జింక మైళ్లు పోయి ఏ పొదలోనో చస్తుంది. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో 1890ల్లో తయారైన విచ్చుకునే గుండుని క్రూరమని 1899లో హేగ్ సమావేశం యుద్ధాల్లో వద్దంది. అదే గుణాన్ని వేటలో చాలాచోట్ల చట్టాలు కావాలంటాయి. ఎందుకో నన్నడిగితే చెబుతాను. యుద్ధంలో గాయపడ్డ మనిషిని మోసుకెళ్లడానికి మనుషులుంటారు. వాగు గట్టున నాకెవరూ లేరు.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. తాతగారు కాగితం రాసిచ్చి నేను తన సొత్తేనని ధ్రువపత్రం తెచ్చుకున్నారు, అదీ బీరువాలోనే ఉంది. రైఫిల్ మళ్లీ అడవి ముఖం చూడలేదు. 1978లో పాపికొండలు అభయారణ్యమైంది, 2008లో జాతీయ పార్కయింది. నా మంద వారసులు ఇప్పుడక్కడ తుపాకీ భయం లేకుండా మేస్తూ ఉండాలి. నేను కోరుకునేది అదే.

మొన్న సంక్రాంతికి టెక్సాస్ నుంచి మనవడు వచ్చాడు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నా కింద కూర్చున్నాడు.

"తాతయ్యా, ఇవే మా దగ్గరా ఉన్నాయి. మందలు మందలు."

"అమెరికాలో చుక్కల జింకలేంట్రా?"

"1932లో పట్టుకెళ్లి వదిలార్ట. పెరిగిపోయి అక్కడి తెల్లతోక జింకల మేత కూడా ఇవే తినేస్తున్నాయి. వీటికి సీజనంటూ లేదు. లైసెన్సుండి, భూమి యజమాని ఒప్పుకుంటే ఏడాది పొడుగునా కొట్టొచ్చు. నేను వేట శిక్షణ క్లాసు పూర్తి చేశాను. వచ్చే నెల వెళ్తున్నాం."

తాతగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఏ తూటా?" అన్నారు.

గురి సాధనకి కొన్న .223 తూటాలు పెట్టెలకొద్దీ మిగిలాయట. నిండా తొడుగున్నవి, చవక. వాటితో సరిపోదా అన్నాడు. తాతగారి గొంతు అంత గట్టిగా లేవడం నేను ఈ గోడ మీద ఎప్పుడూ వినలేదు.

"మిగిలాయని ప్రాణం మీద వాడతావా? కాగితానికి చిల్లు పడితే చాలు, జింకకి చాలదురా. ఇంగ్లండ్‌లో 1991 చట్టం చూడు. పెద్ద జింకలకి .240 అంగుళాలకి తగ్గిన గొట్టం పనికిరాదు, గొట్టం దగ్గర 1,700 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి, గుండు విచ్చుకునేదై ఉండాలి. మీ దగ్గర చట్టం ఏమన్నా అననీ, నువ్వు మాత్రం అంతకి తగ్గొద్దు."

స్నేహితుడి దగ్గర .308 ఉంది, అరువిస్తానన్నాడట. దానికి 150 గ్రెయిన్ల గుండు చాలన్నారు తాతగారు. ఎనభై, తొంభై కిలోల మగజింకకి అంతకంటే బరువక్కర్లేదు. గుండు బరువైనకొద్దీ భుజానికి దెబ్బ పెరుగుతుంది, దెబ్బకి భయపడితే మీట నొక్కే క్షణంలో కన్ను మూసుకుపోతుంది. నాకైతే ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట అనిపించింది. నన్ను కొట్టినవాడి చెయ్యి కూడా ఆ క్షణంలో కదిలే ఉంటుంది.

ఇక సీసమా, రాగా? మాంసం ఇంట్లో తింటారా అని తాతగారు అడిగారు. ఇంట్లో చిన్నపిల్ల కూడా తింటుందన్నాడు మనవడు. అయితే రాగి గుండే తీసుకోమన్నారు. సీసం విచ్చుకునేటప్పుడు కంటికి కనపడని తునకలుగా చెదిరి మాంసంలో దూరం దాకా పోతుంది. వదిలేసిన పేగులు తిన్న రాబందుల ఒంట్లోకీ అదే చేరుతుంది. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం పూర్తిగా ఆపేశారని మనవడే చెప్పాడు. అయితే రాగి గట్టిది, విచ్చుకోవాలంటే వేగం కావాలి, మరీ దూరం నుంచి కొట్టకూడదు.

"ఏ పెట్టె తూటాతో వేటకెళ్తావో, ఆ తూటాతోనే గురి సరిచూసుకో. బ్రాండు మారితే గుండు పడే చోటు మారుతుంది."

"ఎంత దూరం నుంచి కొట్టొచ్చు తాతయ్యా?"

తాతగారు లేచి పెరట్లోకెళ్లారు. ఒలుపు వాళ్ల గుట్టలోంచి పీచుతో ఉన్న కాయ ఒకటి తెచ్చి వాడి ఒళ్లో పెట్టారు. "గుండె, ఊపిరితిత్తులు కలిపి ఇంతే ఉంటాయి. భుజం వెనకాల. అయిదు గుళ్లు కొడితే అయిదూ దీనికే తగిలే దూరం ఎంతో చూసుకో. అదే నీ దూరం. ఒక్కటి తప్పినా ముందుకి జరుగు." తరవాత నా వైపు చూసి, "ఎదురుగా నిలబడితే కొట్టకు. వెనక్కి తిరిగి ఉంటే కొట్టకు. పక్కకి తిరిగేదాకా ఆగు. తిరక్కపోతే ఇంటికొచ్చెయ్," అన్నారు.

ఆ కాయ వాడు వెళ్లేదాకా చావిడిలోనే ఉంది.

ఫిబ్రవరిలో ఫోను వచ్చింది. తాతగారికి చెవి సరిగ్గా వినపడదు గనక స్పీకర్ పెట్టారు. తొంభై గజాలట. పూర్తిగా పక్కకి తిరిగి నిలబడిందట. ఫోటో కూడా పంపాడు. తాతగారు ఫోను పైకెత్తి పట్టుకుంటే నాకూ కనిపించింది. ఎండుగడ్డిలో పడుకున్న మగజింక. దాని ఒంటి మీద చుక్కలు నావే.

"కొట్టాక ఎంత దూరం పోయిందిరా?"

"ఇరవై అడుగులు కూడా పోలేదు తాతయ్యా. వాచీ చూశాను. పది సెకన్లు."

తాతగారు నా కుడి కొమ్ము మీంచి కండువా తీసుకుని ముఖం తుడుచుకున్నారు. మళ్లీ అక్కడే తగిలించి, చెయ్యి కాసేపు ఎడమవైపు విరిగిన కొన మీద ఉంచారు.

నాది ఆ సాయంత్రం ఆరు నుంచి మర్నాడు పొద్దున్న తొమ్మిది దాకా.