నాకన్నా కబుర్లే నయం

నేను పరుగు గడియారాన్ని. రబ్బరు పట్టీతో మణికట్టుకు బిగిసి కూర్చుని దూరం, వేగం, నాడి లెక్కలు చెప్పడం నా వృత్తి. హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. దాన్ని ఓ స్నేహితుడితో కలిసి తాపీగా పరుగెత్తాలనుకునేవారికి నేను చెప్పదలచుకున్నది నా బతుకుదెరువుకే కాస్త చేటు తెచ్చే సంగతి. ఆ పరుగులో వేగం ఎంతుండాలో తేల్చాల్సింది నేను కాదు, మీ ఇద్దరి మధ్య నడిచే కబుర్లు. అవి సాఫీగా సాగుతున్నంతసేపు వేగం సరిగ్గా ఉన్నట్టే. తెగాయంటే ఎక్కువైనట్టు. ఇది వినయం కొద్దీ అంటున్నది కాదు. నా వీపు వెనక ఏం జరుగుతుందో తెలిసినదాన్ని కనుక అంటున్నాను.

మా వంశం మరీ పాతదేమీ కాదు. 1977లో ఫిన్లండ్‌లో మొదలైన పోలార్ సంస్థ, 1982లో ఛాతీకి పట్టీ, చేతికి గడియారం, మధ్యలో తీగ లేని నాడి కొలమానాన్ని అమ్మకానికి తెచ్చింది. జీపీఎస్ సంకేతాల్లో పౌరులకు అందే వాటిలో అమెరికా ప్రభుత్వం కావాలని కలుపుతూ వచ్చిన తేడాను 2000 మే నెలలో తీసేసింది. 2003కల్లా గార్మిన్ వాళ్ళ ఫోర్‌రన్నర్ గడియారాలు దారిని ఉపగ్రహాలతో కొలుస్తూ రన్నర్ల చేతికెక్కాయి. ఈ రెండు పాయలూ కలిసి పుట్టినదాన్ని నేను. కాకపోతే ఛాతీ పట్టీ గుండెలోని విద్యుత్తును నేరుగా పట్టుకుంటుంది, నాకు ఆ భాగ్యం లేదు. నా అడుగున చిన్న పచ్చ దీపాలుంటాయి, అవి చర్మంలోకి వెలుగు పంపిస్తాయి. నెత్తుటిలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చేస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో నెత్తురు రవ్వంత పెరిగి, వెనక్కి వచ్చే వెలుగు రవ్వంత తగ్గుతుంది. ఆ తగ్గులను లెక్కపెట్టి నాడి అంటాను. అయితే పరుగులో చేయి ఊగుతుంది. నిమిషానికి 165, 170 అడుగులు పడుతుంటే ఆ ఊపు కూడా నెత్తుటిని అదే తీరున కదుపుతుంది. పట్టీ ఏమాత్రం వదులైనా గుండెను వదిలేసి అడుగులను లెక్కపెట్టడం మొదలుపెడతాను. లోపల గుండె నింపాదిగా 135 కొట్టుకుంటుంటే నా ముఖం మీద 168 ఎర్రగా మెరుస్తుంది. చేతికి కట్టుకున్నవాళ్ళు కంగారుపడతారు, ఆ కంగారుకు నాడి నిజంగానే నాలుగు పెరుగుతుంది.

సరే, అంకె నిజమే అనుకుందాం. దాన్ని దేనితో పోల్చాలి? గుండె గరిష్ఠ వేగం 220లోంచి వయసు తీసేస్తే వస్తుందన్న సూత్రం నాలాంటివాటిలో చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. నలభై ఏళ్ళ మనిషికి 180. 2001లో వచ్చిన సవరణ సూత్రం ప్రకారం 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేయాలి. నలభై ఏళ్ళకు అదీ 180యే చెబుతుంది. అరవై ఏళ్ళకు మొదటిది 160 అంటే రెండోది 166 అంటుంది. అసలు చిక్కు ఈ ఆరు అంకెల తేడాలో లేదు. రెండు సూత్రాలూ సగటులే. ఒకే వయసు వాళ్ళలో అసలు గరిష్ఠం సగటుకు అటూఇటూ పది పన్నెండు దాకా ఉండటం మామూలే. నలభై ఏళ్ళ ఇద్దరు స్నేహితుల్లో ఒకరికి 170, ఇంకొకరికి 190 ఉంటే అందులో వింతేమీ లేదు. 145 మొదటివారికి కష్టం, రెండోవారికి షికారు. నేను మాత్రం ఇద్దరికీ ఒకే రంగు చూపిస్తాను.

మాట సంగతి వేరు. అది సగటు మీద కాదు, ఆ మనిషి ఊపిరి మీద నడుస్తుంది. మాట పుట్టేది వదిలే ఊపిరితో. ఓ నిండు వాక్యం పలకాలంటే మూడు నాలుగు సెకన్ల పాటు ఊపిరిని అదుపులో పెట్టి మెల్లగా వదలగలగాలి. తాపీ పరుగులో శరీరానికి ఆ వెసులుబాటు ఉంటుంది. వేగం ఒక గీత దాటిందంటే కండరాల్లో లాక్టేట్ పేరుకుంటుంది, నెత్తుటిలో పెరిగే ఆమ్లాన్ని సర్దే పనిలో కార్బన్ డయాక్సైడ్ అదనంగా పుడుతుంది. దాన్ని బయటికి తోలడానికి మెదడు ఊపిరిని తొందరపెడుతుంది. మాటకూ ఊపిరికీ పోటీ వస్తే గెలిచేది ఎప్పుడూ ఊపిరే. వాక్యం ముక్కలవుతుంది, ముక్కలు పొడి మాటలవుతాయి, చివరికి "ఊఁ" మిగులుతుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు లా క్రాస్ ప్రాంగణంలో కార్ల్ ఫోస్టర్ బృందం దీన్నే పరీక్షకు పెట్టింది. మెల్లమెల్లగా శ్రమ పెంచుతూ, మధ్యమధ్య ఓ చిన్న పాఠం అప్పజెప్పించి, హాయిగా మాట్లాడగలుగుతున్నారా అని అడిగారు. ఖాయంగా అవునన్నంతవరకు ఆ మనిషి గీతకు ఇవతలే ఉన్నాడు. తటపటాయించిన చోటు దాదాపు గీత మీద పడింది. లేదన్నప్పటికి దాటేశాడు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసినట్టు, ఒక్క వాక్యంతో తేలిపోయే విషయమిది.

ప్రయోగశాలల కంటే ముందే మైదానాల్లో వాళ్ళకిది తెలుసు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ 1960ల మొదట్లో ఆక్లండ్‌లో నడివయసు వాళ్ళను, గుండె జబ్బు వచ్చి తేరుకున్న వాళ్ళను కూడా కూడగట్టి జాగింగ్ చేయించాడు. ఆ పరుగుకు షరతు ఒక్కటే, మాట్లాడుకుంటూ సాగాలి. అమెరికా నుంచి వెళ్ళి అది చూసిన బిల్ బవర్‌మన్ ఆ పద్ధతిని ఆరెగన్‌కు పట్టుకెళ్ళాడు. తర్వాత నైకీ సంస్థ స్థాపకుల్లో ఒకడైంది ఆ బవర్‌మనే. జర్మనీలో వైద్యుడు ఎర్న్‌స్ట్ ఫాన్ ఆకెన్ కూడా రొప్పకుండా సాగే దూరపు పరుగునే నమ్మాడు. వీళ్ళెవరి దగ్గరా నాలాంటి పరికరం లేదు, అయినా వాళ్ళ శిష్యులు ఒలింపిక్ పతకాలు తెచ్చారు. దీన్ని నేను ఓర్వలేనితనం లేకుండానే ఒప్పుకుంటాను.

మన దగ్గరికి వస్తే ఈ వాదనకు బలం ఇంకా పెరుగుతుంది. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ చూడండి. ఇటీవలి ఏళ్ళలో హాఫ్ పరుగు నెక్లెస్ రోడ్డు మీద పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తోంది. నడుమ ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ వైపు గుట్టలెక్కే రోడ్లు. ఆ నెలలో గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. చెమట కారేకొద్దీ నెత్తుటిలో నీటిపాలు తగ్గి, గుండె ఒక్కో దెబ్బకు తోడే నెత్తురు తగ్గుతుంది. చల్లదనం కోసం చర్మానికి కూడా వాటా పంచాలి. లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుతుంది. ఒకే వేగంతో వెళ్తున్నా రెండో గంటలో నాడి పది, ఇరవై దాకా ఎగబాకుతుంది. ఇలాంటి దారిలో కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలని రాత్రే నాకు అప్పజెప్పి, చడావులోనూ అదే పట్టుకుని వేలాడితే ఏమవుతుంది? నేను మాత్రం వేగం తగ్గింది, పెంచమని చేతి మీద జుయ్‌మని కొడుతూనే ఉంటాను. ఫ్లైఓవర్ ఎక్కుతున్నారని నాకు తెలిసినా, ఉక్కపోతలో ఆ చడావుకు ఎంత ఖర్చవుతుందో తెలియదు. ఫ్లైఓవర్ కింద నుంచి, ఎత్తైన భవనాల పక్క నుంచి వెళ్తున్నప్పుడు ఉపగ్రహాల మాట కూడా సరిగ్గా వినపడక వేగాన్నే తప్పు చెబుతాను. కబుర్లకు ఇవన్నీ అక్కర్లేదు. చడావు, తేమ, రాత్రి సరిగ్గా పట్టని నిద్ర, అన్నీ ఊపిరిలోనే కలిసి వస్తాయి. మాట తడబడింది, వేగం తగ్గించారు, అంతే. విశాఖ బీచ్ రోడ్డు మీద నేవీ మారథాన్‌లో గాలి సముద్రం మీద నుంచి తేమ మోసుకొస్తుంది, అక్కడా లెక్క ఇంతే.

"డబ్బు కట్టి, బిబ్ తగిలించుకుని, తెల్లవారుజామున లేచి వెళ్ళేది కబుర్లకా? పార్కులో నడుస్తూ చెప్పుకోవచ్చుగా" అని వెటకారం చేసేవాళ్ళున్నారు. పరుగులో ఖర్చయ్యే శక్తి కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కిలోక్యాలరీ. వేగాన్ని బట్టి ఇది పెద్దగా మారదు. డెబ్భై కిలోల మనిషి గంటన్నరలో ముగించినా, రెండున్నర గంటల్లో ముగించినా దాదాపు పద్నాలుగు వందల ఎనభై కిలోక్యాలరీలు ఖర్చవుతాయి. తాపీ పరుగు చవక పరుగు కాదన్నమాట. పోటీలు గెలిచేవాళ్ళ సాధనను పరిశీలించిన స్టీఫెన్ సీలర్‌కు తేలిందేమిటంటే, వాళ్ళ పరుగుల్లో ఎనభై శాతం దాకా తేలికపాటివే. 2021లో లిస్బన్‌లో 57 నిమిషాల 31 సెకన్లలో హాఫ్ ముగించిన జేకబ్ కిప్లిమో కిలోమీటరుకు తీసుకున్నది సుమారు 2 నిమిషాల 44 సెకన్లు. అలా పోటీ పడి పరుగెత్తేవారికి కబుర్ల లెక్క పనికిరాదు, హాఫ్‌ను పోటీగా తీసుకుంటే మాట తెగాల్సిందే. ఏడాది పొడవునా సాధన చేసి తమ పీబీ, అంటే సొంత అత్యుత్తమ సమయం కోసం వచ్చినవారిని నేను ఆపను, వాళ్ళకు నేను కావాలి కూడా. నా వాదన తాపీగా వెళ్దామని ముందే మాట ఇచ్చుకున్నవాళ్ళ గురించి. వాళ్ళ గండం మొదటి రెండు కిలోమీటర్లు. చుట్టూ జనం, డప్పులు, మైకులో అరుపులు, రెండు వారాలు తక్కువ పరుగెత్తి తేరుకున్న కాళ్ళు. అప్పుడు నా అంకె చూసి "అబ్బో, బానే వెళ్తున్నాం" అని మురుస్తారే తప్ప తగ్గించరు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇద్దరి సత్తా ఒకటి కాకపోతే కబుర్లు మోసం చేయవా? చేస్తాయి. దిట్టమైనవారు ఏకధాటిగా మాట్లాడుతుంటే, రెండోవారు రొప్పుతూ వింటారు. బయటికి కబుర్లు సాగుతున్నట్టే ఉంటుంది. కాబట్టి చూడాల్సింది చెప్పేవారిని కాదు, వినేవారిని. "బానే ఉన్నావా?" అని అడిగితే లాభం లేదు, మొహమాటానికి "ఆఁ" అంటారు. ఒక్క ముక్కలో తెమలని ప్రశ్న వేయాలి. మొన్నటి పెళ్ళిలో ఏమేం వడ్డించారని అడగండి. పులిహోర, గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, గారెలు, బూరెలు అని ఐదూ చెప్పి, బూరెల్లో నెయ్యి తక్కువైందని కూడా అంటే వేగం సరిపోయింది. గుత్తివంకాయ దగ్గరే ఆగిపోతే తగ్గించండి. స్వతహాగా మాటలు తక్కువైనవారికి ఓ కూనిరాగం చాలు. ఇక దిట్టమైనవారి సాధన చెడిపోతుందన్న బెంగకు జవాబు ఆ ఎనభై శాతంలోనే ఉంది, ఈ రోజును ఆ ఖాతాలో రాసుకుంటే సరి. పక్కపక్కన పరుగెత్తి వెనక వచ్చేవారికి అడ్డమవుతారన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. ఎడమ పక్కకు జరగండి, ఇరుకు వస్తే ఒకరి వెనక ఒకరు వెళ్ళండి.

నిజంగా ఆలోచించాల్సింది ఎండా నీళ్ళ సంగతి. కిలోమీటరుకు ఎనిమిది నిమిషాల చొప్పున హాఫ్ పూర్తవడానికి దాదాపు 2 గంటల 49 నిమిషాలు పడుతుంది. వేగంగా వెళ్ళినవారు ఇంటికి చేరే వేళకు వీళ్ళు ఎండలో ఉంటారు. ఎయిడ్ స్టేషన్ దగ్గర నిలబడి కబుర్లాడుతూ గ్లాసు మీద గ్లాసు తాగే తీరిక కూడా వీళ్ళకే ఎక్కువ. 2002 బోస్టన్ మారథాన్ ముగింపు దగ్గర 488 మంది నెత్తురు పరీక్షిస్తే వందకు పదమూడు మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తగ్గిపోయి ఉంది. పరుగు మొదట్లో కంటే చివర బరువు పెరిగినవారిలో, నాలుగు గంటలకు పైగా పట్టినవారిలో ఇది ఎక్కువ. అది పూర్తి మారథాన్, మన హాఫ్‌కు ముప్పు అంతకంటే తక్కువే. అయినా నెమ్మది అంటే క్షేమం అనేసుకోకూడదు. దాహమైతే తాగండి, గ్లాసు కనిపించిందని తాగకండి. స్పోర్ట్స్ డ్రింక్ అయినా అంతే, దానిలోనూ ఎక్కువ భాగం నీళ్ళే. ఈ విషయంలో నా దగ్గర ఏ అంకే లేదు, కబుర్ల దగ్గర మాత్రం కొంత ఉంది. అంతసేపూ గలగలా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడినా, అడిగిందే మళ్ళీ అడిగినా, తల నొప్పి, వికారం అన్నా పక్కవారు వెంటనే ఆపి వైద్య శిబిరం వాళ్ళను పిలవాలి. వడదెబ్బయినా, సోడియం తగ్గినా మొదట పసిగట్టగలిగేది పక్కనున్న మనిషే.

ఇంతా చెప్పాక నన్ను తీసి సొరుగులో పడేయమని కాదు. పరుగు మొదట్లో ఓసారి మీట నొక్కి, ముఖం లోపలి వైపుకు తిప్పి కట్టుకోండి, ముగిశాక చూడండి. చూసి పేచీ పెట్టుకోవడానికి కావాల్సినంత సరుకు నా దగ్గర ఉంటుంది. దారిని అధికారికంగా కొలిచేవారు సైకిల్ చక్రానికి చుట్లు లెక్కపెట్టే జోన్స్ కౌంటర్ బిగించి, మలుపుల దగ్గర అంచుకు ముప్పై సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గరి గీత మీద తొక్కుతారు. తక్కువ పడకుండా వెయ్యికి ఒకటి చొప్పున అదనంగా కలుపుతారు. ఆ గీత మీద ఎవరూ పరుగెత్తరు. నీళ్ళ కోసం ఆ పక్కకు, ఫొటో కోసం ఈ పక్కకు పోతారు. అందుకని ఒకరి చేతి మీద 21.28 ఉంటే ఇంకొకరి చేతి మీద 21.41 ఉంటుంది. పక్కపక్కనే పరుగెత్తిన ఇద్దరిలో ఎవరి గడియారం కరెక్టన్న తగవు ఇడ్లీ, చట్నీ ముందు కూర్చున్నా తేలదు. వాదించుకోవడానికి ఇద్దరి దగ్గరా ఊపిరి బోలెడు మిగిలి ఉంటుంది కూడా.