ఇప్పుడా, ఇంకాసేపటికా?

కింద కుడి మూల నుంచి మళ్లీ లేచింది. "కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది. ఇప్పుడే అప్‌డేట్ చేయమంటారా, తర్వాత గుర్తుచేయమంటారా?" ఈ రెంటికీ అర్థం సరేననే. వద్దనే బటన్ లేదు. కొన్నాళ్లుగా వెతుకుతున్నాను, దొరకలేదు.

పేరెందుకు గానీ, అదొక పీడీఎఫ్ చూపించే సాఫ్ట్‌వేర్. కాగితం చూపించడం దాని ఉద్యోగం. నిన్న చూపించిన కరెంటు బిల్లునే ఇవాళ కూడా చూపించడానికి నెలకో కొత్త అవతారం ఎత్తడం దేనికో నాకు అంతుపట్టదు. పోనీ ఏం మార్చారో చూద్దామని నొక్కితే అక్కడ ఒకటే వాక్యం: "చిన్న చిన్న లోపాలు సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం." ఏ లోపం? ఎవరి పనితీరు? పోయిన నెలా ఇదే చెప్పారు. అప్పుడు సరిచేసిందేమైంది?

దీనికి వేళాపాళా లేదు. దీనికంటే మైక్రోసాఫ్ట్ వాళ్లే నయం, కనీసం ముహూర్తం పెట్టుకున్నారు. 2003 అక్టోబరు నుంచీ నెలలో రెండో మంగళవారం మరమ్మతులన్నీ మూటగట్టి వదులుతున్నారు. సోమవారం పాత తలనొప్పులు చూసుకుని, మంగళవారం కొత్తవి తగిలించుకుంటే, ఏదైనా చెడినా శనాదివారాల్లోపు బాగుచేసుకోవచ్చన్నది కంపెనీల్లో కంప్యూటర్లు చూసుకునేవాళ్ల సౌకర్యం. మైక్రోసాఫ్ట్ వాళ్లు తమ పొద్దున పదింటికి వదిలితే మనకి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. మంగళవారం పూట మా ఇంట్లో క్షవరం కూడా చేయించుకోం. అలాంటిది కంప్యూటర్‌కి మాత్రం ప్రతి నెలా ఆ రోజే.

ఇక అప్‌డేట్ అవుతున్నప్పుడు తెరమీద కనిపించే శాతం సంగతి. ఎంత పని అయిందో, ఎంత మిగిలిందో చూపించే గీత ఉంటే జనం స్థిమితంగా ఉంటారని 1985లో బ్రాడ్ మయర్స్ అనే ఆయన పరీక్షించి మరీ రాశాడు. 2007లో క్రిస్ హారిసన్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. పట్టే సమయం ఒకటే అయినా గీత చివర్లో పరుగెత్తితే తొందరగా అయినట్టు అనిపిస్తుందట. చివర్లో ఆగిందా, జనం ఓర్చుకోలేరట. ఇది చదివాక నా కంప్యూటర్ తొంభై తొమ్మిది దగ్గర ఎందుకు ఆగుతుందో మరీ అర్థం కాకుండా పోయింది. చేయకూడదని పరిశోధించి తేల్చిన పనే పనిగట్టుకుని చేస్తోంది!

ఆ తొంభై తొమ్మిదిని చూస్తే మా బాబాయి గుర్తొస్తాడు. ఏ శుభకార్యానికి పిలిచినా పదింటికల్లా ఆయన ఫోన్ వస్తుంది. "బయల్దేరిపోయాంరా!" వెనకాల కుక్కర్ కూత వినిపిస్తుంది. పదిన్నరకి "దారిలో ఉన్నాం." వెనకాల పిన్ని గొంతు, "బీరువా తాళాలు ఎక్కడ పెట్టారండీ?" పదకొండుకి "సగం దూరం వచ్చేశాం." ఈసారి స్నానాల గదిలో నీళ్ల చప్పుడు. పన్నెండున్నరకి "సందు మొదట్లో ఉన్నాం, మీరు వడ్డించేయండి." వడ్డిస్తాం. అప్పడాలు మెత్తబడతాయి, పప్పుచారు మీద తెట్టు కడుతుంది. తీరా చూస్తే ఆయన నిజంగానే సందు మొదట్లో ఉంటాడు, ఆ విషయంలో అబద్ధం ఆడడు. అక్కడ కిళ్లీకొట్టు ముందు ఎవరో పాత కొలీగ్ తగులుతాడు. పెన్షన్ అరియర్స్ మొదలుకుని ఆయన వియ్యంకుడి మోకాలి ఆపరేషన్ దాకా వెళ్తారు. ఆటోలో కూర్చున్న పిన్ని మాకు ఫోన్ చేసి "మేం వచ్చేశాం కదా, మీ బాబాయే రాలేదు" అంటుంది. తొంభై తొమ్మిది శాతం అంటే అదే.

కానీ బాబాయి వైపు ఒక న్యాయం ఉంది. ఆలస్యంగా వచ్చినా భోంచేసి, తాంబూలం పుచ్చుకుని వెళ్తాడు. గ్యాస్ పొయ్యిని హాల్లోకి, సోఫాను పెరట్లోకి మార్చేసి, "ఇలా అయితే మీకు సౌకర్యం" అని చక్కా పోడు. అప్‌డేట్ చేసే పని సరిగ్గా అదే. ప్రింట్ బటన్ నిన్నటిదాకా ఎడమ వైపు పైన ఉండేది. ఇవాళ దాన్ని మూడు చుక్కల వెనక దాచారు. దాని స్థానంలో, నా కరెంటు బిల్లుకి సారాంశం రాసిపెడతానని ఏదో మెరుస్తోంది. బిల్లు సారాంశం నాకు తెలుసు, కట్టాలి.

అడ్డంగా వద్దని చెప్పినా చెల్లని రోజులు కూడా చూశాం. 2016లో విండోస్ 10కి మారమంటూ తెరమీదికి వచ్చిన పెట్టెను, మూలనున్న గుణకారం గుర్తు నొక్కి మూసేసినా, అప్పటికే వేసిన ముహూర్తం రద్దు కాలేదు. పెట్టె మూయడం అంటే ఒప్పుకోవడమే! గోలయ్యాక మార్చారనుకోండి. అడగకుండా వచ్చిపడిన ఆ విండోస్ తన వ్యాపారం చెడగొట్టిందని కాలిఫోర్నియాలో ఒక ట్రావెల్ ఏజెంటు కోర్టుకెళ్లి 10,000 డాలర్లు వసూలు చేసింది. మనం పక్కింటాయనకి చెప్పుకుని ఊరుకుంటాం. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ వాళ్లు "మీరు పనిచేసుకునే వేళలు చెప్పండి, అప్పుడు రీస్టార్ట్ చేయం" అన్నారు. అవీ పన్నెండు గంటలు మించకూడదు. మరుసటి ఏడాది పద్దెనిమిది చేశారు. నా కంప్యూటర్‌తో నేను ఎంతసేపు పనిచేసుకోవచ్చో బేరమాడుకునే స్థితి అన్నమాట.

పూర్తిగా మానేద్దామా అంటే ఆ ధైర్యమూ లేదు. 2017 మే 12న వాన్నాక్రై అనే మాల్‌వేర్ వచ్చి కంప్యూటర్లకు తాళాలేసి డబ్బడిగింది. దానికి విరుగుడు మార్చి 14నే వచ్చింది. రెండు నెలలు "తర్వాత" అన్నవాళ్లే ఎక్కువగా మునిగారు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని అందులో చిక్కుకున్నాయి. దొంగల్ని పట్టేవాళ్ల ఫైళ్లనే దొంగ పట్టుకున్నాడు.

అందుకే నా గొడవ అప్‌డేట్ మీద కాదు, మూట కట్టే పద్ధతి మీద. దొంగను ఆపే తాళమూ, బటన్ల స్థానచలనమూ ఒకే మూటలో ఎందుకు పెడతారు? రెండోది వద్దనుకుని మొదటిదాన్ని కూడా దూరం పెట్టేవాళ్లు కోకొల్లలు. తాళం బిగించేది చడీచప్పుడు లేకుండా బిగించి వెళ్లండి. ముస్తాబు మార్చేది మాత్రం నన్ను అడగండి, "వద్దు" అనే బటన్ పెట్టి అడగండి. పెట్టినదాన్ని వెనక్కి తీసుకునే దారి కూడా ఉంచండి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. క్రోమ్‌బుక్ ల్యాప్‌టాపుల్లో సిస్టమ్‌కి రెండు ప్రతులుంటాయి. మనం ఒకదానిమీద పని చేసుకుంటుంటే రెండోదాన్ని వెనకాల కొత్తగా తయారుచేస్తుంది, రీస్టార్ట్ చేసినప్పుడు దాంట్లోకి మారుతుంది, అది లేవకపోతే పాతదానికే వస్తుంది. డెస్క్‌టాప్ మీద క్రోమ్ బ్రౌజరైతే మూల చిన్న గుర్తు పెట్టి ఊరుకుంటుంది. కొత్తది వచ్చి రెండ్రోజులు కాకపోతే ఆకుపచ్చ, నాలుగు రోజులైతే నారింజ, వారం దాటితే ఎరుపు. అరవదు, రంగు మారుస్తుంది. మర్యాదస్తుల లక్షణం.

చడీచప్పుడు లేకుండా అన్నాను గానీ, అందరికీ ఒకేసారి వదలమనలేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ల రక్షణ ఫైలు ఒకటి అలాగే దిగి, మైక్రోసాఫ్ట్ లెక్కన 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నీలి తెర మీద కూర్చోబెట్టింది. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక విమాన ప్రయాణికుడికి బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చారు. ముందు పదిమందికి ఇచ్చి, వాళ్లు క్షేమంగా ఉన్నారో లేదో చూసి, తర్వాత నూరుమందికి ఇస్తే ఏం పోయింది?

ఇదంతా నాకు విసుగే, అంతకుమించి నష్టం లేదు. మా నాన్నకి అలా కాదు. డాలస్‌లో ఉన్న మా చెల్లితో వీడియో కాల్ మాట్లాడడానికి ఆయన డెబ్బై దాటాక కంప్యూటర్ నేర్చుకున్నారు. నేర్చుకున్నది పాత డైరీలో రాసుకున్నారు. "పెద్ద మీట నొక్కవలెను. రెండు నిమిషాలు ఆగవలెను. కింది వరుసలో ఎడమ నుంచి నాలుగవది, నీలం, రెండుసార్లు." ఒక ఆదివారం పొద్దున వరుస మొత్తం ఎడమ నుంచి మధ్యకు జరిగింది, నీలం కాస్తా ఊదా అయింది. నేను వెళ్లేసరికి డైరీ తెరిచి పెట్టుకుని, మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసి కూర్చున్నారు. "నేనేం తప్పు నొక్కానురా?" అన్నారు. మీరేం నొక్కలేదు నాన్నా, వాళ్లే మార్చారని చెప్పాను. నమ్మలేదు. మనింట్లో వస్తువును మనకి చెప్పకుండా ఎవరు మారుస్తారని ఆయన ప్రశ్న. ఇప్పటికీ ఆ కంప్యూటర్ ముట్టుకోవాలంటే నన్ను పక్కన ఉండమంటారు. చెల్లితో మాట్లాడాలని తనంతట తను అడగడం తగ్గించారు.

వరుస జరగని కంప్యూటర్‌ని నేను విజయవాడలో ఒకే ఒక్క చోట చూశాను, మా పుస్తకాలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్లో. విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014లోనే చేతులు దులుపుకుంది, ఈయన మాత్రం రోజూ కుర్చీ తుడిచి కూర్చుంటాడు. నెట్ వైరు ఏనాడో పీకేశాడు. నేను యూనికోడ్‌లో పంపిన వ్యాసాన్ని అనులోకి మార్చి, ఎగిరిపోయిన వత్తుల్ని ఒక్కొక్కటే ఏరి పెడతాడు. మూలన ఏదీ లేవదు, శాతాలు లేవు, బటన్లన్నీ ఎక్కడివక్కడే. కొత్తది తీసుకోకూడదా అంటే, "దీన్ని కదపకండి సార్, దానంతట అది నడుస్తోంది" అన్నాడు. కాసేపు నాకు నిజంగానే అసూయ వేసింది. తర్వాత ప్రూఫు పీడీఎఫ్ చేసి, ఊళ్లో ప్రెస్సులన్నీ తిరిగొచ్చిన ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి చేతికిచ్చాడు. ఇంటికొచ్చాక ఆ పెన్‌డ్రైవ్ పెట్టేముందు యాంటీవైరస్ అప్‌డేట్ అయిందో లేదో చూశాను. కాలేదు. "ఇప్పుడే" నొక్కి, పప్పుచారు వేడిచేసుకోవడానికి వెళ్లాను.