గోధుమరస మహిమ: టీకా తాత్పర్య సహితం

అవతారిక: లాగర్ బీరుతోనే నాలుక దిద్దుకున్న ఒక రసికుడు హైదరాబాద్‌లో ఏదో మైక్రోబ్రూవరీకి పోయి, బవేరియా తరహా గోధుమ బీరు, అనగా హెఫెవైజెన్, మొదటిసారి తెప్పించుకొని, గ్లాసును దీపానికి ఎదురుగా పట్టి, "ఇది పాడైపోయింది, మార్చి పట్రా" అని సర్వర్‌ను గద్దింపగా, పక్క బల్లవాడు ఉండబట్టలేక చెప్పిన పద్యమిది.

మబ్బు పట్టె ననుచు మరలింప వలదోయి,
నురుగు హెచ్చె ననుచు నొసలు ముడువ;
అరటి లేక యుండి యరటివాసన వీచు
గోధుమరసమహిమ గురుతెఱుఁగుము!

ప్రతిపదార్థం: ఓయి = ఓ మిత్రమా (బిల్లు కట్టువాడా అని కొందరు); మబ్బు పట్టెన్ అనుచున్ = మసకగా ఉన్నదని; మరలింపన్ వలదు = వెనక్కి పంపవద్దు; నురుగు హెచ్చెన్ అనుచున్ = పైన అంతా గాలే పోశారని; నొసలు ముడువన్ = మొహం చిట్లింపను (వలదు అని ఇక్కడా అన్వయం); అరటి లేక యుండి = పండు ముక్కైనా పడకుండానే; అరటివాసన వీచు = అరటిపండు వాసన కొట్టునట్టి; గోధుమరస మహిమన్ = ఈ బీరు గొప్పతనాన్ని; గురుతెఱుఁగుము = ఆనవాలు పట్టుము.

తాత్పర్యం: మార్చమనే ముందు ఒక గుక్క తాగు.

విశేషాలు: మబ్బు దోషం కాదు, లక్షణం. గోధుమలోని ప్రోటీన్లు, వడకట్టకుండా వదిలిన ఈస్ట్ కలిసి తెచ్చిన మసక అది. సీసా బీరైతే బవేరియావారు గ్లాసు తడిపి, వంచి, మెల్లగా పోసి, చివర కాస్త మిగిల్చి, సీసాను గిరగిర తిప్పి, అడుగునున్న ఈస్ట్‌ను కూడా పైన ఒంపుతారు. తేటగానే కావాలన్నవారికి వడకట్టిన క్రిస్టల్ రకం వేరే ఉంది. నురుగు మాటకొస్తే, అక్కడి పొడుగు గ్లాసు మీద అర లీటరు గీత ఉంటుంది. బీరు కొలత గీత దాకా, ఆ పైచోటు నురుగుది. మన దగ్గర గీతలేని గ్లాసులో పోసినప్పుడు నొసలు ముడిచినవాణ్ణి నేనైతే తప్పుపట్టను.

అలంకారం విభావన. ప్రసిద్ధమైన కారణం లేకుండానే కార్యం పుట్టడం. అయితే లోపల మరో కారణం దాగి ఉంటుందని ఆలంకారికుల మాట. ఇక్కడ దాగినది ఈస్ట్. అది పులియబెట్టేటప్పుడు ఐసోఅమైల్ ఎసిటేట్ పుట్టిస్తుంది. అరటిపండు వాసనకు ముఖ్యమైన పదార్థం కూడా అదే. వెంట వచ్చే లవంగం వాసన 4-వినైల్ గ్వాయకాల్‌ది. కవి లవంగాన్ని ఎందుకు వదిలేశాడంటే, గణాల్లో చోటు లేక.

శంక: 1516 నాటి బవేరియా శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప మరేదీ కూడదన్నది గదా, గోధుమ ఎట్లా దూరెను? సమాధానం: ప్రభువుల అనుమతితో దూరెను. డెగెన్‌బెర్గ్ వంశానికి ప్రత్యేక హక్కు దక్కింది. 1602లో ఆ వంశం అంతరించగా హక్కు డ్యూక్ మాక్సిమిలియన్ చేత చిక్కి ఖజానాను నింపింది. గేయోర్గ్ ష్నైడర్ అనే బ్రూవర్ ఆ హక్కు సంపాదించింది 1872లో. నేడు ఈ బీరు మాల్ట్‌లో సగమైనా గోధుమ ఉండాలి.

శాఖాభేదం: బెల్జియంవారు తమ గోధుమ బీరులో ధనియాలు, చేదు నారింజ తొక్క వేస్తారు. హోగార్డెన్ ఊళ్ళో 1957లో ఆఖరి బ్రూవరీ మూతపడితే, పియేర్ సెలిస్ అనే పాలవర్తకుడు 1960లలో ఆ బీరును మళ్ళీ బతికించాడు. ధనియాల వాసనకు ఉలికిపడే హక్కు మాత్రం, చారు తాగి పెరిగిన మనకు లేదు.

మరి నిజంగా తిప్పి పంపదగినది ఏది? హెఫెవైజెన్‌లో పులుపు కొడితే పంపండి (బెర్లిన్ గోధుమ బీరు పుల్లగానే ఉంటుంది, దాన్ని పంపకండి). వెన్న వాసన, తడిసిన అట్టపెట్టె వాసన వస్తే నిస్సంకోచంగా పంపండి. గ్లాసు అంచున గుచ్చిన నిమ్మచెక్క ప్రక్షిప్తమని మా అభిప్రాయం. తీసి పక్కన పెట్టి తాగండి.