ముందు చక్రాలు తిరుగుతాయా?

మొయినాబాద్ చుట్టుపక్కల జీపుతో నిజంగా పని ఉన్న రోజుల్లో ఊరికొక్క జీపు కూడా లేదు. వానాకాలం వాగు దాటాలంటే ఎడ్లబండి, లేకపోతే చెప్పులు చేత పట్టుకుని నడక. ఇప్పుడు పల్లెపల్లెకూ సీసీ రోడ్డు పడింది, పొలం గట్టు దాకా ఆటో పోతోంది, జీపు లేకపోతే ఆగిపోయే పని ఎవరికీ లేదు. సరిగ్గా అప్పటి నుంచే అందరికీ జీపు కావాలి. ఆదివారం పొద్దున బీజాపూర్ రోడ్డు పక్కన చాయ్ తాగుతూ నిలబడితే తెలుస్తుంది. చేవెళ్ల మర్రిచెట్ల కింద నుంచి థార్‌లు, జిమ్నీలు, గూర్ఖాలు బారులు తీరి అనంతగిరి వైపు పోతుంటాయి. సాయంత్రానికి ఒళ్లంతా బురద పూసుకుని తిరిగొస్తాయి. ఆ బురద మాత్రం కడగరు. సోమవారం గచ్చిబౌలి ఆఫీసు పార్కింగ్‌లో నలుగురూ చూడొద్దూ?

వాళ్లను వెక్కిరించే అర్హత నాకు లేదు. నాకూ అదే జబ్బు. కాకపోతే వాళ్లది కొత్త బండి జబ్బు, నాది పాత బండి జబ్బు. కొత్త థార్ కొనేవాడికి కనీసం బ్యాంకువాడైనా బుద్ధి చెప్తాడు, జీతమెంత, వాయిదా ఎంత అని. పాత జీపు కొనేవాడికి అడ్డు చెప్పడానికి ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. వాళ్ల మాట మనం ఎలాగూ వినం.

ఈ మోజు వేళ్లు చిన్నతనంలో ఉన్నాయి. మా ఊళ్లోకి జీపు మంచికి వచ్చింది ఎన్నడూ లేదు. అప్పు కట్టలేదని బ్యాంకువాళ్లో, కొట్లాట జరిగిందని పోలీసులో, అయిదేళ్లకోసారి ఓట్లవాళ్లో రావాలి. న్యాయంగా అయితే జీపంటే మాకు భయమో కోపమో ఉండాలి. కానీ జప్తుకొచ్చిన జీపు వెనకాల కూడా దుమ్ములో ఉరికినవాళ్లం మేం. ఎవరింటి తలుపులు పీక్కుపోతున్నారన్నది తర్వాతి సంగతి, ముందు ఆ వెనక వేలాడే స్టెప్నీ టైరు ముట్టుకోవాలి. ఆపైన సినిమాలు. కలెక్టరుకు జీపు, పోలీసుకు జీపు, దొంగకు కూడా జీపే. ‘ఆరాధన’లో రాజేష్ ఖన్నా రైలు పక్కన పాట పాడుకుంటూ పోయిందీ జీపులోనే. ఆయన ఊరికే కూర్చుని పాడాడు, నడిపింది స్నేహితుడు. పెట్రోలు ఎవరు పోశారో సినిమాలో చెప్పరు.

అసలు జీపు పుట్టింది షికార్లకు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 నుంచి, విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు అమెరికా సైన్యం కోసం లక్షల బండ్లు చేశాయి. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అని ఒక కంపెనీ మొదలైంది. దేశం రెండు ముక్కలయ్యాక అందులోని గులాం మహమ్మద్ గారు పాకిస్తాన్‌కు మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, ఆ తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. ఇక్కడ మిగిలినవాళ్లు 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకున్నారు. ఎం అండ్ ఎం అన్న పొట్టి పేరును మాత్రం ముట్టుకోవాల్సిన పని పడలేదు. ఈ కంపెనీయే విల్లీస్ జీపులను ఇక్కడ బిగించి అమ్మింది. తర్వాత సొంతంగా ఎంఎం540లు, మేజర్లు, 2010లో థార్ తెచ్చింది. అదే థార్ పునాది మీద రాక్సర్ అనే బండి చేసి అమెరికాలో అమ్మబోతే, జీపు పేరు హక్కులున్న ఫియట్ క్రైస్లర్ కంపెనీ 2018లో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఎక్కింది. ఫిర్యాదు ఇంజను గురించి కాదు, గేరు గురించి కాదు. బండి ముఖం మా బండి ముఖంలా ఉంది అని! 2020లో కమిషన్ అమ్మకాలు ఆపమంది. మహీంద్రావాళ్లు ముక్కూమొహం మార్చి మళ్లీ అనుమతి తెచ్చుకున్నారు. రెండు పెద్ద కంపెనీలు లాయర్లను పెట్టుకుని ఒక బండి ముఖం కోసం కొట్లాడుకున్నాయంటే, చేవెళ్ల సంతలో ఆ ముఖం చూసి నేను కాసేపు నిలబడిపోవడం పెద్ద విశేషమా?

ఇదే మాట మా ఆవిడతో అన్నాను. ఆమె బడిలో లెక్కల టీచరు.

“ముఖం సంగతి సరే, గిది మనకెందుకో చెప్పుండ్రి.”

కారణాలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ప్రేమ ముందు పుడుతుంది, కారణాలను తర్వాత తీరిగ్గా పుట్టించుకుంటాం. చేవెళ్ల అవతల మాకు రెండెకరాల చెల్క ఉంది. జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 ఊళ్లలో కట్టడాలకు కళ్లెం వేసిన 1996 నాటి 111 జీవో మా పొలం దాకా రాలేదు, దానితో పాటు మంచి దారీ రాలేదు. కాబట్టి పొలానికి పోవాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాలి. ఇదీ నా వాదన.

“ఏడాదికి ఎన్ని దినాలు బురద ఉంటది?”

“రెండు నెలలు.”

“ఆ రెండు నెలల్ల మీరు పొలానికి ఎన్నిసార్లు పోతరు?”

వానలో ఎవరు పోతారు? ఆ మాట పైకి అనలేదు. వర్షంలో పోవడం లేదు గనకే జీపు కావాలి, జీపుంటే పోతాను కదా అని తిప్పి చెప్పాను. ఆమె మళ్లీ మాట్లాడలేదు. లెక్కల టీచర్లు తప్పు లెక్కను దిద్దరు, సున్నా వేసి పక్కన పెడతారు.

వేట మొదలైంది. తోడు మా బావమరిది, షెడ్డు నుంచి మెకానిక్ భాయ్. బావమరిది పని బేరం, భాయ్ పని బండి కింద పడుకోవడం, నా పని పక్కన నిలబడి ముఖంలో ఇష్టం కనబడకుండా చూసుకోవడం. ముగ్గురిలోకీ కష్టమైన పని నాదే.

మొదట చూసింది ఢిల్లీ బండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండి రోడ్డెక్కకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టూ అదే అంది. అప్పటి నుంచి చవక రేటుకు డీజిల్ బండ్లు దక్షిణాదికి బయల్దేరాయి. రేటు వినగానే బావమరిది కళ్లు మెరిశాయి. ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి అని కూడుతూ పోతే ఆ మెరుపు పోయింది. ఇంతలో భాయ్ కింద నుంచి పిలిచాడు. గేరు పక్కన ఫోర్ వీల్ లివర్ ఉంది, వెనక పెద్ద అక్షరాల్లో ఫోర్ బై ఫోర్ స్టిక్కర్ ఉంది, ముందు చక్రాలకు బలం తీసుకుపోయే షాఫ్టు మాత్రం లేదు.

“లివర్ షో కోసం, సాబ్. స్టిక్కర్ కొత్తది, అది మంచిగుంది.”

తర్వాతది ఒక ఫామ్‌హౌసులో. ఓనరు కుర్రాడు బండిని పెళ్లికొడుకును చేసినట్టు ముస్తాబు చేశాడు. ట్రాక్టరంత టైర్లు, వించ్, ముందు ఇనుప బుల్ బార్, పైన లైట్ల వరస, నీళ్లలో మునిగినా ఇంజను గాలి పీల్చేందుకు స్నార్కెల్ గొట్టం. బుల్ బార్లు చట్టవిరుద్ధమని కేంద్రం 2017 చివర్లోనే చెప్పింది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చిన బండికి రిజిస్ట్రేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అంటే బావమరిది లెక్క ప్రకారం, పీకి పారేయాల్సిన సామాను మీద పెట్టిన ఖర్చంతా మా దగ్గర వసూలు చేస్తున్నాడు. స్నార్కెల్ ఎప్పుడైనా పనికొచ్చిందా అని అడిగాను. హిమాయత్‌సాగర్ గేట్లెత్తి సర్వీసు రోడ్డు మీద నీళ్లు పారిన రోజు సరదాగా పోయాడట. పోలీసులు రోడ్డు మూసేసి వెనక్కి పంపించారట.

ఒక ముసలి విల్లీస్ కూడా చూశాం. ఆర్‌సీలో పెట్రోలు, బానెట్ కింద మాటడార్ డీజిల్ ఇంజను. ఆ బండికి తానెవరో తనకే తెలియదు, ఆర్టీఓకు ఏం చెప్తుంది?

ఇక్కడ పొలాల గురించి ఒక మాట చెప్పాలి. చేవెళ్ల వైపు చెల్కలతో పాటు నల్లరేగడి కూడా ఉంది. వాన పడితే రేగడి ఉబ్బి, టైరు గాళ్లలో గట్టిగా కూరుకుని, టైరును నున్నటి గుండు చేసి వదులుతుంది. మామూలు డిఫరెన్షియల్ అయితే ఇరుసుకు రెండు పక్కల్లో ఏ చక్రానికి పట్టు లేదో దానికే తిరుగుడంతా ఇస్తుంది. అంటే నాలుగు చక్రాల బండిలో తిరిగేవి రెండు, ముందుకు పోయేది సున్నా. అలా దిగబడిన ఒక ఖరీదైన బండిని ట్రాక్టరు లాగుతుండగా గట్టు మీద నిలబడి చూశాను. తాడు విప్పుతూ ట్రాక్టరు పటేల్ అన్నాడు, “వానకాలం ఐతారాలు దున్నుడు బంద్ వెట్టిన సారూ. దున్నుడు కన్నా గుంజుడే గిట్టుబాటైతున్నది.” ఆ బండి ఓనరు ఆ గుంజుడును ఫోన్‌లో వీడియో తీయించుకున్నాడు. ట్రాక్టరు కనబడకుండా.

చివరికి శంకర్‌పల్లి దారిలో ఒక పల్లెలో నా బండి దొరికింది. నా బండి అని అప్పుడే అనేశాను, బావమరిది కాలు తొక్కాడు. 1990ల నాటి ఎంఎం540. ఫ్రాన్సు వారి పూజో నమూనా డీజిల్ ఇంజను, 2112 సీసీ, 62 గుర్రాలు. ఇప్పటి ఆల్టో కె10కు కూడా అంతకన్నా కొన్ని గుర్రాలు ఎక్కువే. కానీ ఆల్టో వెనకాల ఏ పిల్లలైనా ఉరికారా?

భాయ్ ముందు బానెట్ మీద చెయ్యి వేసి చూశాడు. మనం పోయే లోపు ఇంజను వేడి చేసి పెట్టారంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదనే అర్థం. ఇది చల్లగానే ఉంది. సుత్తితో ఛాసిస్ పొడవునా కొట్టుకుంటూ పోయాడు, ఖంగుమంటే ఇనుము, బొదబొదమంటే తుప్పు. కమాన్ పట్టీల దగ్గర వెల్డింగులు చూశాడు. ఆయిల్ మూత తీసి పొగ చూశాడు. జాకీ మీద ముందు భాగం లేపి, హబ్బులు లాక్ చేసి, లివర్ వేసి అన్నాడు, “సాబ్, ముందు చక్రాలు తిరుగుతున్నయ్.” మా పెళ్లిచూపుల్లో కూడా నేనంత సంతోషం దాచుకోవాల్సి రాలేదు. ఆ తర్వాత అతను చెప్పిన రిపేర్ల చిట్టా, రాణిగంజ్ నుంచి తేవాల్సిన సామాన్ల చిట్టా నా చెవికెక్కలేదు. బావమరిది రాసుకున్నాడు. చిలుకూరు బాలాజీ లెక్క అందరికీ తెలిసిందే కదా, మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. పాత జీపుదీ అదే లెక్క. తేడా ఒక్కటే, చిలుకూరులో హుండీ లేదు.

ఇక బేరం. ఓనరు పెద్దాయన అరుగు మీద కూర్చుని రేటు చెప్పలేదు, కథ చెప్పాడు. “గిది మా నాయిన కొన్న బండి. నా పెండ్లి బారాత్ గిండ్లనే. మా పెద్దోడు పుట్టేటప్పుడు అర్ధరాత్రి చేవెళ్ల దవాఖానకు గిండ్లనే వోయినం.” ఒక్కో జ్ఞాపకానికీ రేటు పదివేలు పెరుగుతోందని బావమరిది నా చెవిలో ఊదాడు. పాత బండిలో టైరు అరుగుతుంది, రంగు పోతుంది, ఇంజను దిగుతుంది, అన్నిటికీ రేటు తగ్గుతుంది. ప్రేమ ఒక్కటే ఏడాదికేడాదికీ రేటు పెరిగే సామాను. అది కూడా అమ్మేవాడి ప్రేమ అయితేనే. కొనేవాడి ప్రేమ బయటపడితే దానికీ మనమే కట్టాలి.

కాగితాలు అడిగాం. ట్రంకు పెట్టె లోంచి గుడ్డ సంచిలో చుట్టిన ఆర్‌సీ వచ్చింది. ఏపీ 28 నంబరు. బండి రంగు నీలం అని ఉంది, వాకిట్లో ఉన్నది ఆకుపచ్చ. పదిహేనేళ్లు దాటినవాటికి అయిదేళ్లకోసారి చేయించాల్సిన రెన్యువల్ ఎప్పుడో తప్పిపోయింది. 2022 ఏప్రిల్‌లోనే ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది, పైన గ్రీన్ ట్యాక్స్, ఆలస్యానికి జరిమానా. ఇదంతా సర్దుకోవచ్చు. అసలు చిక్కు ఓనరు పేరు దగ్గర. అక్కడ పెద్దాయన పేరు లేదు, ఎప్పుడో కాలం చేసిన ఆయన తండ్రి పేరుంది.

“మార్పించుకోలేదా కాకా?” అన్నాడు బావమరిది. ముందు వారసుడిగా ఫారం 31 పెట్టి ఈయన పేరు మీదికి రావాలి, ఆ తర్వాతే 29, 30 ఫారాలతో నా పేరు మీదికి.

“నాయిన పేరు గొట్టేసి నా పేరు రాసుకోవాల్నా?” అన్నాడు పెద్దాయన. ఆర్‌సీ మళ్లీ గుడ్డ సంచిలోకి పోయింది.

మేమిద్దరం బతిమిలాడి ఓడిపోయాక, అప్పటిదాకా బండి లెక్కలు వింటూ వేప చెట్టు కింద కూర్చున్న మా ఆవిడ లేచింది. ఆమె ఆ రోజు మాతో వచ్చింది బండి వద్దనిపించడానికేనని బావమరిది అనుమానం. ఆమె పెద్దాయన పక్కన కూర్చుని వాళ్ల నాయిన గురించి అడిగింది, ఏ ఊరి వాళ్లు, ఎంత భూమి, ఎట్ల పోయిండు అని. చాయ్ వచ్చింది. రెండోసారి కూడా వచ్చింది. చివరికి పెద్దాయన మెత్తబడి, ఆఫీసుకొచ్చి సంతకాలు పెడతానన్నాడు. రేటు తగ్గించనన్నాడు. పైగా ఒక షరతు పెట్టాడు. ఏటా దసరా నాడు బండిని ఈ వాకిట్లోకి తెచ్చి, ఆయన చేత్తో పూజ చేయించి తీసుకుపోవాలి.

నేను సరేనని నోరు తెరిచేలోగా లెక్కల టీచరు అడ్డొచ్చింది.

“ఆ దినం డీజిల్ ఎవరిది కాకా?”

“నాదే బిడ్డా. పోనూ రానూ పోపిస్త.”

“కొబ్బరికాయ, నిమ్మకాయలు?”

“అవ్వీ నాయే.”

“మరి పూజ అయినంక స్టార్ట్ కాకపోతే?”

పెద్దాయన మొదటిసారి నవ్వాడు.

“గదే గద బిడ్డా, నేను దేవునికి మొక్కేది.”