హెచ్‌-4 మొగుడు

నేను మా ఆవిడ వీసా మీద అమెరికా వెళ్లాను. నరసరావుపేటలో ఈ మాట అన్న ప్రతిసారీ నా నోరు జారిందనుకుంటారు. "అంటే మీ ఆవిడ నీ వీసా మీద వచ్చిందనేగా?" అని వాళ్లే సరిచేస్తారు. కాదండీ. ఆవిడది హెచ్‌-1బీ, నాది హెచ్‌-4. ఆవిడ డాలస్‌లో ఉద్యోగం చేస్తుంది, నేను ఆవిడకి మొగుణ్ణి. అమెరికా సర్కారు లెక్కలో అక్కడ నాకున్న హోదా అదొక్కటే.

మా బాబాయికి ఈ సంగతి ఇప్పటికీ మింగుడుపడలేదు. "పల్నాడులో పుట్టి పెళ్లాం వీసా మీద పోవడమేందిరా?" అన్నాడు. పన్నెండో శతాబ్దంలోనే గురజాలలో నలగామరాజు గద్దె మీద కూర్చుంటే నాగమ్మ మంత్రిగా రాజ్యం నడిపిందనీ, ఇంట్లో ఆడవాళ్లు పెద్ద ఉద్యోగం చెయ్యడం మన సీమకి కొత్త కాదనీ గుర్తుచేశాను. "అందుకేగా పల్నాటి యుద్ధమొచ్చింది" అన్నాడు. చరిత్ర మాట్లాడి బాబాయిని గెలవలేం. కారెంపూడి వీరుల తిరునాళ్లకి ఏటా వెళ్లే మనిషి.

నాకు ఉద్యోగం లేక కాదు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెళ్లికి ముందు నుంచీ ఉంది. కరోనా నాడు ఇంటికి పంపినవాళ్లు మళ్లీ ఆఫీసుకి రమ్మనలేదు. "ఎక్కడి నుంచైనా చేసుకో, నెట్ ఉంటే చాలు" అన్నాడు మేనేజరు. నెట్‌దేముంది, డాలస్‌లో కావలసినంత. జీతం రూపాయల్లో వస్తుంది, పేటలో ఉన్న నా ఖాతాలో పడుతుంది, పన్ను ఢిల్లీకి పోతుంది. మా ఆవిడ వంటగదిలో కూర్చుని నా పని నేను చేసుకుంటే అమెరికావాడి సొమ్మేం పోయింది? ఎవరి ఉద్యోగం లాక్కున్నాను?

విమానం ఎక్కకముందే ఇదే ప్రశ్న అక్కడి తెలుగు లాయరు ఒకాయన్ని ఫోన్‌లో అడిగాను. జీతం, ఖాతా, పన్ను అన్నీ పూస గుచ్చినట్టు చెప్పాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు.

"పని చేసేటప్పుడు మీరు ఎక్కడ కూర్చుంటారు?"

"వంటగదిలో, బల్ల దగ్గరండి."

"ఆ వంటగది ఎక్కడుంది?"

"డాలస్‌లో."

"అయితే వద్దు."

ఫీజు కట్టినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెప్పమన్నాను. హెచ్‌-4 మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు, కారు నడుపుకోవచ్చు, బ్యాంకులో ఖాతా తెరుచుకోవచ్చు, గుళ్లో ప్రసాదం వడ్డించొచ్చు. డబ్బు పుచ్చుకుని పని మాత్రం చెయ్యకూడదు. ఆ డబ్బు రూపాయల్లో వచ్చిందా, డాలర్లలో వచ్చిందా అన్నది కాదు, ఒంట్లో చెమట ఏ గడ్డ మీద పట్టిందన్నదే వాళ్లకి కావాలి. యజమాని అమెరికాలో లేడు గనక ఈ రూలు తగలదని వాదించే లాయర్లు కొందరున్నారట. "వాళ్లు వాదించగలరు, మీ వీసా వాదించలేదు" అన్నాడీయన. ఈ నిబంధనలకి మూలం 1986 నాటి చట్టం. ఆ రోజుల్లో పేట నుంచి హైదరాబాద్‌కి మాట్లాడాలంటే ట్రంకాల్ బుక్ చేసి ఫోన్ పక్కన పడిగాపులు పడేవాళ్లు. వంటగదిలో కూర్చుని ఖండాంతరంలో కొలువు చేసే మొగుడొకడు పుట్టుకొస్తాడని చట్టం రాసినవాళ్లు మాత్రం ఎట్లా ఊహిస్తారు?

దారి అసలే లేదని కాదు. 2015 మే 26 నుంచి హెచ్‌-4 వాళ్లలో కొందరికి ఈఏడీ కార్డు ఇచ్చి పని చేసుకోనిస్తున్నారు. ఆ రూలు చెల్లదని కోర్టుకెక్కినవాళ్లకి 2024 ఆగస్టులో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టులోనూ చుక్కెదురైంది. అయితే కార్డు రావాలంటే మా ఆవిడ గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే మెట్టు ఎక్కి ఉండాలి. ఆవిడ కంపెనీ ఎప్పుడడిగినా "వచ్చే క్వార్టర్‌లో చూద్దాం" అంటుంది. పల్నాటి యుద్ధానికి ముందు కోడిపందెంలో ఓడిపోయి మాచర్లవాళ్లు ఏడేళ్లు వలస పోయారు. హెచ్‌-1బీకి మామూలు గడువు ఆరేళ్లే. ఏ కోడీ ఓడకుండానే మాకు ఒక ఏడాది తగ్గించారు, సంతోషం. ఏడేళ్లూ నిండాక రాజ్యం తిరిగిమ్మని అడగడానికి మామ నలగామరాజు దగ్గరికి వెళ్లిన అలరాజు ఏమయ్యాడో మాత్రం మా అత్తగారి దగ్గర ఎత్తను.

పన్నుల దగ్గర ఇంకో తిరకాసుంది. మా ఆవిడతో కలిపి రిటర్ను వేస్తే నేను ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అందులో చూపాలి. డాలస్‌లో దొంగచాటుగా పని చేశాననుకోండి. పన్నుల ఆఫీసు "ఎంత సంపాదించావు, కట్టు" అంటుంది. వీసాల ఆఫీసు "అసలెందుకు సంపాదించావు?" అంటుంది. గ్రీన్‌కార్డు అర్జీలో అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశారా అని సూటిగా ప్రశ్నే ఉంది. దాచుకున్న జీతానికి రసీదు మన చేత్తోనే రాసి ఇచ్చినట్టవుతుంది.

వీటన్నిటికంటే మంట పెట్టింది మా తోడల్లుడు. అతనూ భార్య వీసా మీదే వెళ్లాడు. కాకపోతే ఆవిణ్ణి ఆవిడ కంపెనీయే బదిలీ మీద ఎల్‌-1తో పంపింది, ఇతనిది ఎల్‌-2. 2021 నవంబరు నుంచి ఎల్‌-1 వాళ్ల మొగుళ్లూ పెళ్లాలూ వేరే కార్డు లేకుండానే ఉద్యోగం చేసుకోవచ్చు. ఒకే ఇంటి అల్లుళ్లం. అక్షరం తేడాతో అతను కుర్చీలో కూర్చున్నాడు, నేను గిన్నెల దగ్గర నిలబడ్డాను. పండక్కి అత్తగారు ఇద్దరికీ ఒకే రకం బట్టలు పెట్టినా ఫోన్‌లో ముందు ఆయన క్షేమమే అడుగుతారు.

గిన్నెల సంగతి ఎలాగూ వచ్చింది. డాలస్‌లో పొద్దున్నే మా ఆవిడకి క్యారేజీ కట్టి పంపి గోంగూర పచ్చడి నూరుతుంటాను. పై అంతస్తులో ఉండే సత్తెనపల్లి అమ్మాయి రుచి చూసి, "అన్నయ్యా, శనివారం మా ఇంట్లో ఫంక్షనుంది, రెండు కిలోలు చేసిపెట్టవా? డబ్బులిస్తా" అంది. నాకు చెమటలు పట్టాయి. డబ్బులిస్తే అది కొలువు. "డబ్బు మాటెత్తకమ్మా, ఊరికే చేసిస్తా" అని చేతులు జోడించాను. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పట్నుంచి నా దానగుణం కాంప్లెక్సంతా పాకింది. అక్కడున్నన్నాళ్లూ నలభై గడపలకి ఉచితంగా పచ్చళ్లు నూరుతుంటాను, చట్టానికి కట్టుబడి.

అందుకని బతుకు ఇట్లా కుదిరింది. సెలవు పెట్టి డాలస్‌లో మొగుడిగా ఉంటాను, పేటకొచ్చి ఉద్యోగిగా బతుకుతాను. తమాషా ఏమిటంటే, మా హైదరాబాద్ కంపెనీ ఎవరికి పనిచేసి పెడుతుందో ఆ క్లయింటు ఆఫీసు డాలస్‌లోనే ఉంది. మా అపార్ట్‌మెంటు కిటికీలోంచి చూస్తే దాని బోర్డు కనిపిస్తుంది. ఆ కిటికీ పక్కన కూర్చుని వాళ్ల పని చేస్తే వీసా పోతుంది. భూగోళానికి ఇవతలి పక్క మా పెంకుటింట్లో కూర్చుని చేస్తే అది ఎగుమతి, దేశానికి విదేశీ మారకం.

వాళ్ల తొమ్మిదంటే మనకి రాత్రి ఏడున్నర. నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పుతారు, ఎనిమిదిన్నరవుతుంది. "వాళ్లకి పొద్దు కూడా మారిద్దంట్రా?" అంది అమ్మ. తెల్లవార్లూ పని చేసి పగలు పడుకోవాలి. టీవీలో రెంటచింతల ఎండ గురించి చెప్పే రోజుల్లో పగలు పడుకోవడమంటే ఏమిటో పల్నాడు జనానికి నేను చెప్పక్కర్లేదు. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కదిలినప్పుడు ఇంకో సరదా. అడ్డం వస్తాయని కరెంటు తీగలు విప్పుతారు. ఇన్వర్టరు మీద కాల్‌లో ఉన్నాను, వీధిలో డప్పులు. "ఏమిటా చప్పుడు?" అన్నాడు క్లయింటు. తాటిచెట్టంత ఎత్తున్న కట్టడమొకటి ఒళ్లంతా దీపాలతో మా రోడ్డు మీంచి శివుడి కొండకి పోతోందని ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత నన్ను రెండు రోజులు విశ్రాంతి తీసుకోమన్నాడు.

ఈసారి వీసా స్టాంపింగ్ కోసం వచ్చి ఇరుక్కున్నాను. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బీ, హెచ్‌-4 వాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేట్టు తెరిచిపెట్టాలి. ఆ దెబ్బకి చాలామంది ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి జరిగాయి, నాదీ జరిగింది. దాచుకోవడానికి నా దగ్గరేముందని ఫేస్‌బుక్ బార్లా తెరిచాను. మొట్టమొదట కనపడింది బాబాయి నన్ను ట్యాగ్ చేసిన ఫొటో. కోటప్పకొండ రోడ్డు మీద ఫ్లెక్సీ. నల్ల కళ్లద్దాలతో నేను, నా వెనక అమెరికా జెండా, కింద బంగారు రంగు అక్షరాల్లో: "అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా ఉద్యోగం చేయుచున్న మా అబ్బాయి తరఫున భక్తులకు స్వాగతం."

పరిగెత్తాను. "బాబాయ్, ఇది ఆఫీసరు చూస్తే నా వీసా పోయిద్ది."

"వాడికి తెలుగొచ్చా?"

"ఫోనే చదివిపెట్టిద్ది."

"అయితే ఏం రాయించమంటావు? పెళ్లాం దగ్గర ఖాళీగా ఉన్నాడనా?"

"ఏమీ రాయించొద్దు."

"నాలుగు వేలు పోసి ఏమీ రాయకుండా వేయిస్తారంట్రా ఫ్లెక్సీ?"

రాజీకి సాయంత్రమైంది. "ఉద్యోగం చేయుచున్న" మీద తెల్ల కాగితం అంటించి "నివసించుచున్న" అని రాయించాం. ఫేస్‌బుక్‌లో పాతది తీసేయించి కొత్తది పెట్టించేసరికి, పాతదాని కింద "జీతమెంత బావా?" అని మా మరదలు అడిగిన ప్రశ్న కూడా పోయింది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ ఇంట్లో హెచ్‌-4 అల్లుడో కోడలో ఉంటే పుట్టినరోజులకీ తిరునాళ్లకీ నిక్షేపంగా ఫ్లెక్సీలు వేయించండి. పేరు వేయండి, ఫొటో వేయండి, కావాలంటే జెండా కూడా వేయండి. ఉద్యోగం మాట మాత్రం ఈఏడీ కార్డు చేతికొచ్చాకే అచ్చు వేయించండి.