సాంచాల మీది దుర్భిణి

నాలుగడుగుల పీవీసీ గొట్టం, అడుగున ఆరంగుళాల అద్దం, పైన పక్కకు తిరిగిన ఒక కన్ను. నేను సూరత్‌లోని సలాబత్‌పురాలో ఒక డాబా మీది దుర్భిణిని. నా కింద రెండంతస్తులూ సాంచాలే, అంటే మరమగ్గాలే. రాత్రి పాళీ నడుస్తున్నంతసేపూ నాడె కొట్టే ప్రతి దెబ్బా గోడ వెంట ఎక్కి, స్లాబు దాటి, నా అద్దం దాకా వస్తుంది. అప్పుడు నాలోంచి చంద్రుణ్ణి చూస్తే బిలాల అంచులు సన్నగా వణుకుతుంటాయి. అటు రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల దీపాలకు ఆకాశం సగం తెల్లబడిపోయి ఉంటుంది. పాలపుంత ఇక్కడ కనబడదు. అయినా చంద్రుడు, గురుడు, శని, శుక్రుడు ఏ దీపాలకూ లొంగరు. నాకు ఆ నలుగురు చాలు.

నా పుట్టుకకు కారణం ఒక మబ్బు. 2009 జులై 22 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన దేశంలో మొదట తాకిన నగరాల్లో సూరత్ ఒకటి. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. ఆరుంబావు దాటాక మూడు నిమిషాలకు పైగా ఊరంతా చీకటైంది. కానీ వానాకాలపు మబ్బు అడ్డం పడి సూర్యుడు మాత్రం కనబడలేదు. ఆ చీకట్లో ఇదే డాబా మీద నిలబడ్డాడు మా మాస్టర్. ఇక్కడ సాంచాలు బాగుచేసే మెకానిక్‌ను అలాగే పిలుస్తారు. వాళ్ల నాయన కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి ఈ గల్లీలో సాంచా పట్టిన పద్మశాలి. సూర్యుడు దక్కకపోయినా మాస్టర్‌కు పైకి చూసే ధ్యాస పట్టుకుంది. పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకాలో దుర్భిణుల తయారీ నేర్చుకున్న ఒకాయన దగ్గర తనూ నేర్చుకున్నాడు.

నా అద్దాన్ని ఆయన చేత్తోనే అరగదీశాడు. రెండు గాజు బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెట్టి, మధ్యలో కార్బొరండం పొడి, నీళ్లు పోసి, పాళీ దిగిన ప్రతి పొద్దూ రుద్దాడు. అలా రుద్దుతుంటే పైబిళ్ల నడుమ పల్లమవుతుంది, కిందిది ఉబ్బుతుంది. పైబిళ్లే నేను. నా నడుమ పల్లం ఎంతో తెలుసా? దాదాపు 1.2 మిల్లీమీటర్లు. ఆ కాస్త పల్లమే చుక్కల వెలుగును నాలుగడుగుల ఎత్తున ఒక్కచోటికి చేరుస్తుంది. పొడి మార్చి మార్చి, చివరికి సీరియం ఆక్సైడ్‌తో మెరుగు పెట్టి, అల్యూమినియం పూత పూయించాడు.

చుక్కను గురిపెట్టడానికి నా పక్కన చిన్న గొట్టం ఒకటి ఉంది. బట్ట చుట్టే అట్ట గొట్టంతో చేసినది. అందులో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలుండాలి. మాస్టర్ బీము మీంచి పాలిస్టర్ పోగొకటి తెంపి, దీపం ముందు కూర్చుని విడదీశాడు. అది 36 తంతువుల 75 డెనియర్ పోగు. వాటిలో రెంటిని వేరుచేసి జిగురుతో అంటించాడు. ఊపిరి తగిలినా ఎగిరిపోయే తంతువులవి. తెగిన పోగును చీకట్లోనైనా వెతికి ముడేసే వేళ్లు గనుక ఆ పని చేయగలిగాయి. ఇప్పటికీ ఏ గ్రహమైనా ముందు ఆ రెండు పోగుల కూడలిలోకి రావాల్సిందే.

నన్ను నిలబెట్టిన చెక్కపెట్టె పీట వెనక కూడా ఒక కథ ఉంది. అలాంటి పీటను ప్రచారంలోకి తెచ్చినాయన జాన్ డాబ్సన్. శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు మఠంలో సన్న్యాసిగా ఉంటూనే, దొరికిన గాజుముక్కలతో దుర్భిణులు చేసినవాడు. తర్వాత వాటిని రోడ్డుపక్కన నిలబెట్టి దారినపోయే వాళ్లకు చంద్రుణ్ణి చూపించాడు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు, చేత్తో తోస్తే తిరగాలి, వదిలితే ఆగాలి. అంతే.

ఇక శని సంగతి చెప్పాలి. 2017 అక్టోబరులో శని వలయాలు మనవైపు బాగా వాలి, ఎన్నో ఏళ్లకోసారి కనబడేంత విప్పుగా కనబడ్డాయి. పంచాంగం ప్రకారం శని అప్పుడే వృశ్చికం వదిలి ధనుస్సులోకి పోబోతున్నాడు. పక్కింటి అవ్వ ఎండబెట్టిన బట్టలు తీసుకోవడానికి డాబా ఎక్కింది. మాస్టర్ పిలిస్తే రెండడుగులు వెనక్కి వేసింది.

“వద్దు బిడ్డా, నా కొడుకుది వృశ్చికమే. ఏలినాటి శని నడుస్తున్నది. మళ్ల నేను సూసుడెందుకు?”

“ఆయన మనలను సూస్తే భయం గని, మనం ఆయనను సూస్తే ఏమైతది అవ్వా?”

అవ్వ కొంగు సర్దుకుని వంగింది. చాలాసేపు కన్ను తీయలేదు. శని నెమ్మదిగా జరిగి అంచుకు చేరాడు, మాస్టర్ నన్ను కాస్త తోశాడు, అవ్వ మళ్లీ చూసింది.

“సుట్టూ ఆ పట్టీ ఏంది?”

“మంచుగడ్డలు, రాళ్లు అవ్వా. ఆయన సుట్టు తిరుగుతుంటయి.”

“ఇంత సక్కనోణ్ణి పట్టుకొని ఇన్నేండ్లు తిడితిమి,” అంది.

అవ్వ ఏలినాటి శని లెక్కను నేను తక్కువ చేయను. శని సూర్యుణ్ణి చుట్టి రావడానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది. పన్నెండు రాశులకు పంచితే రాశికి దాదాపు రెండున్నరేళ్లు, మూడు రాశులకు ఏడున్నర. దుర్భిణి లేని కాలంలో ఎవరో తరాల తరబడి కళ్లతో గమనించి కట్టిన లెక్కది. భయం తర్వాత చేరింది. ముందున్నది చూపే. 2025 దీపావళి సెలవుల్లో అదే అవ్వ మెట్లు మెల్లగా ఎక్కి వచ్చి, “పట్టీ ఏడవోయింది?” అని అడిగింది. వలయాలు మనకు పక్కవాటుగా తిరిగి సన్నని గీతలా మిగిలాయి. సుమారు పదిహేనేళ్లకోసారి అలా జరుగుతుందని మాస్టర్ చెబితే, మళ్లీ ఎప్పుడు విప్పుతాడో గుర్తుపెట్టుకోమని మనవరాలికి అప్పగించింది.

దీపావళి సెలవులంటే నాకు మంచి కాలం. సాంచాలు ఆగుతాయి, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కార్మికులు ఊళ్లకు పోతారు, గల్లీలో టెంపోలు తగ్గుతాయి. స్లాబు నిశ్చలం. బాణసంచా పొగ తేలిపోయాక కార్తికంలో కృత్తికలు తూర్పున ఎక్కుతుంటాయి. మావాళ్లు పిల్లలకోడి అంటారు. ఉత్త కంటికి ఇక్కడ కష్టమ్మీద ఐదారు చుక్కలు. నాలో పదులు. నగరపాలక సంస్థ తెలుగు బడి పిల్లలు వరుసకట్టి లెక్కపెడతారు.

అంతకన్నా నిశ్చలమైన రాత్రులు 2020లో వచ్చాయి. లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ ఒకేసారి ఆగాయి. ఏప్రిల్ 3, 4 తేదీల్లో శుక్రుడు పిల్లలకోడి గుంపులోకి దూరాడు. ఎనిమిదేళ్లకోసారి జరిగే ముచ్చట అది. ఒక్క చుక్కయినా వణకలేదు. కానీ మీటర్ల లెక్కన కూలి తీసుకునే ఇళ్లలో సాంచా ఆగితే పొయ్యి ఆగుతుంది. కొందరు బియ్యం అప్పుకు తిరుగుతున్నారు, కొందరు ఊరికి పోయే దారి వెతుకుతున్నారు. మాస్టర్ ఒక్కడే వచ్చి కాసేపు చూసి, మూత పెట్టి దిగిపోయాడు. ఆ తర్వాత నాడె దెబ్బ మళ్లీ నా అద్దానికి తగిలిన రోజు నాకు నిజంగా సంతోషం కలిగింది. వణికే చంద్రుడి కింద పని నడుస్తోంది. అలాంటి చంద్రుడే నాకిష్టం.

ఈ ఊరికి దుర్భిణి కొత్త కాదు. 1651 నవంబరు 3న జెరెమయ్యా షేకర్లీ అనే పాతికేళ్ల ఇంగ్లిష్ యువకుడు సూరత్‌లోనే సూర్యబింబం మీదుగా బుధుడు దాటిపోవడం చూశాడు. అంతకుముందు 1631లో పారిస్‌లో గసెండీ అనే ఖగోళజ్ఞుడు ఆ దృశ్యం చూసి నమోదు చేశాడు. అది ఇంగ్లండులో కనబడదని, ఆసియాలో కనబడుతుందని షేకర్లీ ముందే లెక్కకట్టాడు. తర్వాత కొన్నేళ్లకే మన దేశంలోనే చనిపోయాడని అంటారు. మన తెలుగువాళ్లలో విశాఖలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత వేధశాల కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874లో అక్కణ్ణుంచి శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం పరిశీలించారు. ఈ పేర్లన్నీ మాస్టర్ పిల్లలకు చెబుతుంటే వింటాను. షేకర్లీ పేరు వచ్చినప్పుడు పిల్లలు “మన సూరత్‌ల్నా?” అని ఒక్కసారిగా అరుస్తారు.

2032 నవంబరు 13న బుధుడు మళ్లీ సూర్యుణ్ణి దాటుతాడు. మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతం నుంచి నాలుగున్నర దాటేదాకా, మొదలు నుంచి చివరి వరకూ సూరత్‌లో కనబడుతుంది. సూర్యబింబం వెడల్పులో దాదాపు రెండువందలో వంతు ఉండే నల్లచుక్క అది. ఉత్త కంటికి అందదు, నాలాంటిది కావాలి. సౌర ఫిల్టర్ నా పైమూతికి బిగించాలి, కన్ను పెట్టే చోట కాదు. ఫిల్టర్ లేకుండా సూర్యుడి వైపు నన్ను తిప్పనేకూడదు. ఆ మాట మాస్టర్ ఇప్పటినుంచే పిల్లల చేత పదేపదే చెప్పిస్తున్నాడు. ఆ రోజు శనివారం. పాళీలో ఉన్నవాళ్లు భోజనానికి దిగినప్పుడు ఒక్కొక్కరూ డాబా ఎక్కి చూసి పోయేలా, ఎవరు ఎప్పుడు రావాలో మాస్టర్ రాసి పెట్టుకున్నాడు.