గుర్రానికీ ఏడేళ్ళే, రౌతుకూ ఏడేళ్ళే

మహారాజరాజశ్రీ మంగోలియా దేశపు నాదమ్ ఉత్సవ నిర్వాహకులకు, వారికి పైనున్న మంత్రివర్యులకు, వారందరికీ పైనున్న దేశాధ్యక్షులవారికి, తెలుగు పాఠకులు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరూ క్షేమం. తమ దేశంలో గుర్రాలు క్షేమంగానే ఉన్నాయని ఇక్కడివారి నమ్మకం. వాటి మీద కూర్చునే పిల్లల క్షేమం కనుక్కుందామనే ఈ లేఖ.

ఏటా జులై 11 నుంచి 13 దాకా జరిగే నాదమ్ ఎంత గొప్ప పండగో తమరికి వేరే చెప్పాలా! కుస్తీ, విలువిద్య, గుర్రప్పందెం. 2010లో యునెస్కో కూడా దాన్ని మానవాళి వారసత్వపు జాబితాలో చేర్చింది. జాతీయ బరిలో కుస్తీ పట్టేది కండలు తిరిగిన మల్లులు. గురిచూసి బాణం వేసేది చేయి తిరిగిన విలుకాళ్ళు. మూడింటిలో ఎముకలు విరిగే అవకాశం అన్నిటికంటే ఎక్కువున్న ఆటను మాత్రం బడిపిల్లలకు అప్పగించారు. చట్టం ప్రకారం రౌతుకు ఏడేళ్ళు నిండితే చాలు. ఆడపిల్లలూ ఎక్కుతారు, మగపిల్లలూ ఎక్కుతారు. ఈ ఒక్క విషయంలో వివక్ష లేదు, సంతోషం.

గుర్రం దగ్గరికి వచ్చేసరికి తమవారి శ్రద్ధ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. రెండేళ్ళ గుర్రాన్ని 10, 12 కిలోమీటర్లకు మించి పరిగెత్తించరు. మూడేళ్ళదానికి ఇంకాస్త, నాలుగేళ్ళదానికి మరికాస్త. పూర్తిగా ఎదిగిన గుర్రాలకు మాత్రమే పాతిక కిలోమీటర్ల దాకా వెళ్ళే పెద్ద పందెం. గుర్రం వయసు మీద అనుమానం వస్తే నోరు తెరిచి పళ్ళు చూస్తారు. ఉయాచ్ అని పిలుచుకునే శిక్షకుడు పందేనికి వారాల ముందు నుంచే దాని మేత తగ్గించి, పరిగెత్తించి, చెమట పట్టించి, ఆ చెమటను చెక్కబద్దతో గీసి, ఏ పూట ఎంత నడిపించాలో లెక్క వేసుకుంటాడు. లేత గుర్రాన్ని శక్తికి మించి తోలితే పాడైపోతుందని ఆయనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

మరి లేత రౌతు? దూరాన్ని రౌతు వయసును బట్టి తగ్గించే పద్ధతి లేదు. ఏడేళ్ళ గుర్రం మీద ఏడేళ్ళ పిల్లవాడు పాతిక కిలోమీటర్లు పరిగెత్తించవచ్చు. ఇద్దరిలో గుర్రం ఈడు వచ్చినది. పిల్లవాడికి ముందరి పాలపళ్ళు ఇప్పుడే ఊడుతున్నాయి. ఆ నోరు తెరిచి చూసేవాళ్ళు లేరు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. పందెం 25 కిలోమీటర్లంటే పిల్లవాడి స్వారీ కూడా 25 కిలోమీటర్లే అని బయటివాళ్ళు అనుకుంటారు. ఉలాన్‌బాతర్‌కు పడమట ఖుయి దోలోన్ ఖుదగ్ మైదానంలో జనమంతా గుమిగూడేది గమ్యం దగ్గర. పిల్లలు అక్కడి నుంచి బయలుదేరి, గీంగో పాట పాడుకుంటూ, గుర్రాలను నెమ్మదిగా నడిపించుకుంటూ మొదలయ్యే చోటికి వెళ్ళాలి. అక్కడ వెనక్కి తిప్పి, వచ్చిన దారినే దౌడు తీయాలి. అంటే అసలు పందెం మొదలయ్యే వేళకే ఆ చిన్న తొడలు గంటల తరబడి గుర్రాన్ని పట్టుకుని ఉంటాయి. వందలాది గుర్రాలు ఒక్కసారిగా కదిలితే ముందున్నవాడు ఎక్కడున్నాడో వెనకవాడికి కనపడనంత దుమ్ము. కింద పచ్చిక నేల, మధ్యలో మార్మోట్లు తవ్విన బొరియలు. గుర్రం కాలు ఒక బొరియలో దిగబడితే దానితోపాటు రౌతూ ముందుకు పల్టీ కొడతాడు.

పెద్దవాడు పడటం వేరు, చిన్నవాడు పడటం వేరు. పిల్లల ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ బలం తక్కువ. కాబట్టి పడినప్పుడు దెబ్బ తలకే తగిలే ప్రమాదం ఎక్కువ. రికాబులో పాదం ఇరుక్కుంటే పడినా విడిపోదు, బెదిరిన గుర్రం ఈడ్చుకుపోతుంది. పరుగు మీదున్న గుర్రాన్ని ఆపడానికి కళ్ళెం ఎంత గట్టిగా లాగాలో తెలిసినా, లాగే చేతుల్లో ఆ బలం ఉండాలి కదా. రౌతు కొద్దీ గుర్రం అంటారు తెలుగువాళ్ళు. ఇరవై పాతిక కిలోల రౌతుకు మూడు వందల కిలోల గుర్రం మాట వినాలంటే అది దాని దయ.

పిల్లలనే ఎందుకు ఎక్కించాలయ్యా అంటే, బరువు తక్కువ కాబట్టి గుర్రం వేగంగా పరిగెత్తుతుందని తమవారి జవాబు. పైకి సబబుగానే ఉంది. కాస్త గీరి చూస్తే నిలవదు. ఇవే పొట్టి గుర్రాల మీద ఆయుధాలు పట్టిన పెద్ద మనుషులను ఎక్కించే గదా చంగిజ్ ఖాన్ సగం ప్రపంచం తిరిగింది! అంత వెనక్కి వెళ్ళక్కర్లేదు. 2009 నుంచి తమ గడ్డ మీదే మంగోల్ డెర్బీ అనే వెయ్యి కిలోమీటర్ల పందెం నడుస్తోంది. విదేశాల నుంచి వచ్చే పెద్దవాళ్ళు గుర్రాలు మార్చుకుంటూ పోతారు. రౌతు బరువు 85 కిలోల దాకా ఉండవచ్చు. ఆ గుర్రాలు మోశాయి. నాదమ్ గుర్రాలు మోయలేవా? అన్ని గుర్రాల మీదా పెద్దవాళ్ళే కూర్చుంటే అన్నిటి వేగమూ ఒకేలా తగ్గుతుంది, మొదట వచ్చే గుర్రం మొదటే వస్తుంది. కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే.

పందెం ముగిశాక జరిగే సత్కారాలు చూడండి. మొదటి ఐదు గుర్రాలకు ఐరాగ్ అనే పులిసిన గుర్రపు పాలతో అభిషేకం, పేరుపేరునా పొగడ్త. గెలిచిన గుర్రం చెమట ఒంటికి తగిలితే శుభమని జనం తోసుకుంటారు. రెండేళ్ళ గుర్రాల పందెంలో ఆఖరున వచ్చినదానికి కూడా, వచ్చే ఏడు నువ్వే మొదట రావాలని దీవిస్తూ స్తోత్రం చదువుతారు. ఓడినదాన్ని ఇంత మర్యాదగా చూసుకునే ఆచారం లోకంలో ఎక్కడుంది? శిక్షకులకు దేశాధ్యక్షులవారే బిరుదులిస్తారు. యజమానికి పేరూ, బహుమానమూ. ప్రాణాలు పణంగా పెట్టి ఆ గుర్రాన్ని గమ్యానికి చేర్చిన చిన్నవాడి వాటా వీటన్నిటి తర్వాత వస్తుంది.

తమరు ఏమీ చేయలేదని ఈ లేఖ ఆరోపించడం లేదు. హెల్మెట్, రక్షణ కవచం తప్పనిసరి అన్నారు. పిల్లలకు ప్రమాద బీమా చేయించాలన్నారు. వేలిముద్రలతో బాల రౌతుల పట్టిక తయారు చేయించారు. పిల్లలతో అతి ప్రమాదకరమైన పనులు చేయించరాదనే అంతర్జాతీయ కార్మిక సంస్థ 182వ ఒడంబడికను 2001లోనే ఆమోదించారు. ఇవన్నీ మెచ్చుకోవాల్సినవే. కాకపోతే బీమా పనిచేసేది పడ్డాక. హెల్మెట్ దెబ్బ తీవ్రతను తగ్గిస్తుందే తప్ప పడకుండా ఆపదు, పైగా పెద్దవాడి కొలతకు చేసినది పిల్లవాడి తల మీద వదులుగా కూర్చుంటే దెబ్బకు ముందే జారిపోతుంది.

చలికాలపు పందేల సంగతి మరీ విడ్డూరం. నవంబరు 1 నుంచి మే 1 దాకా పిల్లలను పందెం గుర్రం ఎక్కించరాదని తమ ప్రభుత్వమే తీర్మానించింది. ఎందుకో లెక్క కష్టం కాదు. సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతే ముఖానికి తగిలేది సున్నాకు దిగువన 34 డిగ్రీల చలి. వేళ్ళు కొంకర్లు పోతాయి, కళ్ళెం పట్టు తెలియదు. అయినా నిషేధం వచ్చాక కూడా ఆ పందేలు పూర్తిగా ఆగలేదు. ఈ విషయంలో తమరిని వేలెత్తి చూపే అర్హత తెలుగువాళ్ళకు లేదు లెండి. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేలు ఏటా నిషేధమే, ఏటా జరుగుతాయి. అయితే అక్కడ బరిలో దిగేది కోడి.

పిల్లలను దింపితే పందెం చచ్చిపోతుందని భయమైతే గల్ఫ్ వైపు ఒకసారి చూడండి. ఒంటె పందేల కోసం పాకిస్తాన్, బంగ్లాదేశ్, సూడాన్ లాంటి దేశాల నుంచి పిల్లలను తెచ్చి ఒంటెలకు కట్టిన రోజులున్నాయి. 2005లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 18 ఏళ్ళలోపు వారిని ఒంటె ఎక్కించడం చట్టంతో ఆపేసింది. యునిసెఫ్‌తో కలిసి పిల్లలను ఇళ్ళకు పంపింది. వాళ్ళ స్థానంలో ఒంటె వీపు మీద చిన్న రోబో కూర్చుంది. యజమాని పక్కనే కారులో వస్తూ రిమోట్ నొక్కితే అది కొరడా ఝళిపిస్తుంది, వాకీటాకీలో ఆయన అరుపులను ఒంటె చెవికి వినిపిస్తుంది. పందేలు ఆగలేదు, షేకుల సరదా తగ్గలేదు. తమ స్తెప్పీ పచ్చిక మైదానాల మీద రోబోలు పెట్టమని ఎవరూ అనరు. గుర్రపుస్వారీ తెలిసిన పెద్దవాళ్ళకు తమ దేశంలో కరువా?

బ్రిటన్‌లో పదహారేళ్ళు రానిదే జాకీ లైసెన్సు ఇవ్వరు. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య పోటీల్లో బాలల విభాగం పన్నెండేళ్ళ దగ్గర మొదలవుతుంది. తమరు ఒక్కసారిగా పదహారుకు వెళ్ళలేకపోవచ్చు. సంచార కుటుంబంలో పిల్లవాడు నడకతోపాటే స్వారీ నేర్చుకుంటాడు, దాన్ని ఎవరూ కాదనలేరు. ఇంటి గుర్రం మీద మందలు తోలడం వేరు, లక్షల విలువైన బహుమానం కోసం ఎవరిదో గుర్రాన్ని వందల గుర్రాల మధ్య దౌడు తీయించడం వేరు. కనీసం వచ్చే నాదమ్‌కు గుర్రాలకున్నట్టే రౌతులకూ వయసు తరగతులు పెట్టండి. చిన్నవాళ్ళకు చిన్న దూరం, పాతిక కిలోమీటర్లకు పెద్దవాళ్ళు. మొదలయ్యే చోటికి గుర్రాలను పెద్దవాళ్ళే నడిపించుకుపోయి, పిల్లలను బండిలో తీసుకెళ్ళినా ఆ మేరకు అలసట తగ్గుతుంది. దీనికి పార్లమెంటులో చట్టం కూడా అక్కర్లేదు, నాలుగు బస్సులు చాలు.

ఇట్లు,
తమ గుర్రాల క్షేమాన్నీ, వాటి మీదున్నవారి క్షేమాన్నీ కోరే తెలుగు పాఠకులు

తా.క.: వేలిముద్రల పట్టిక ఎలాగూ తమ దగ్గరే ఉంది. అందులో ఇంకో నాలుగు గడులు గీయించండి: ఈ ఏడు ఎవరు పడ్డారు, ఏ పందెంలో, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, హెల్మెట్ ఉందా లేదా. గెలిచిన గుర్రాల జాబితాతోపాటే దాన్నీ జులై 14న పత్రికలకు విడుదల చేయగలరు.